ముందు వినే ఏజెంట్లు

నా కంప్యూటర్లో మూడు వందల మంది ఉంటారు. కాళ్లూ చేతులూ లేవు, తిండి ఖర్చు లేదు. ప్రోగ్రాము రాసి నేనే పుట్టించిన వీళ్లను ఏజెంట్లు అంటాం. తమకు కనబడ్డ వస్తువులకు తలా ఒక పేరు పెట్టుకుని, ఒకరికొకరు ఎదురుపడినప్పుడల్లా చెప్పుకుంటారు. ఎవరి మాట ఎంత దూరం పాకుతుందో చూడడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. వాళ్లను మూడు ఊళ్లలో పెట్టాను. జనగామలో రెండు వందల మంది, మానుకోటలో డెబ్బై, భూపాలపల్లిలో ముప్పై. భూపాలపల్లి మా అమ్మీ పుట్టిన ఊరు. దాని మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను.

ఎన్నిసార్లు నడిపినా జనగామ మాటే గెలిచేది. భూపాలపల్లి మాట పట్టుమని పది నిమిషాలు నిలిచేది కాదు. నాకు ఒళ్లు మండేది.

మా ప్రాజెక్టు గైడు వనమాల మేడం తెర చూసి పెదవి విరిచారు.

"పెద్దది చిన్నదాన్ని మింగుతదని అందరికీ ఎరుకే ఉజ్మా. గిందుల కొత్త ఏముంది? హైదరాబాద్ సదస్సుకు మన కాలేజీ నుంచి ఒక్క ప్రాజెక్టే పోతది. సోమవారం లోపట ఏమన్న చూపియ్యి. లేకుంటే శిల్పది పంపుత."

నా క్లాసులోని శిల్ప మంచి పిల్లే. అయినా నా చోటు ఆమెకు వదులుకోలేను. ఏడాదిగా ఈ మూడు వందల మందిని సాకింది నేను కదా!

ఊళ్ల మధ్య తిరిగేవాళ్లుంటే చిన్న ఊరి మాట బతుకుతుందేమోనని ఇరవై మందిని సంచారులుగా మార్చాను. కొరివితో తల గోక్కున్నట్టయింది. వాళ్లు జనగామ మాటను మోసుకెళ్లి భూపాలపల్లి నిండా చల్లి వచ్చారు.

ఆదివారం పొద్దున అమ్మీ ఒక గాజుల సంచి నా చేతికిచ్చింది. మా అమ్మీ లతీఫా బేగం పాలకుర్తి చుట్టుపక్కల తిరిగి గాజులు అమ్ముతుంది. ఏడుపు ముఖంతో ఇంట్లో కూర్చుంటే చూస్తూ ఊరుకోదు. ఇద్దరం ఆటోలో దంతాలపల్లి పోయాం.

కౌసల్య అనే ఆమె గడప ముందు కూర్చుని చెయ్యి చాపింది. ఆకుపచ్చ మీద బంగారు చుక్కలున్న రకం మీదే ఆమె చూపు.

"చుక్కల గాజులు తియ్యాల్నా అక్కా?" అన్నాను. మా పాలకుర్తిలో వాటి పేరు అదే.

ఆమె ముఖం ముడుచుకుంది. అమ్మీ నన్ను గిల్లి, "నువ్వు చెప్పు బిడ్డా, ఏం గావాలె?" అని అడిగింది.

"గింజల గాజులు."

"గింజల గాజులే వేస్త," అంటూ అమ్మీ అవే తీసి తొడిగింది.

తిరిగి వస్తూ అడిగాను. "వాటి అసలు పేరేంది అమ్మీ?"

"మా భూపాలపల్లిల దానా గాజులంటం. అయితే ఏంది? తొడుక్కునేటోళ్లు ఏ పేరు పెడితే గదే. మనం ముందు నోరు తెర్వొద్దు బేటీ. వాళ్లు చెప్పాలె, మనం వినాలె."

"గన్ని పేర్లు యాదికుంటయా?"

"మర్చిపోతే రేపు ఏ మొఖం పెట్టుకొని పోతం?"

నా తప్పు అప్పుడు కనపడింది. నా సంచారులు ఎక్కడికి పోయినా ముందుగా తామే మాట్లాడుతున్నారు. పైగా ఒక మాట కుదరగానే మిగతావన్నీ మర్చిపోవాలని రాసింది నేనే. ఇంటికి రాగానే రెండు నియమాలూ మార్చాను. ముందు వినాలి, ఎదుటివాళ్ల మాటలోనే బదులివ్వాలి, ఏదీ మరవకూడదు. కొత్తగా ఇంకొకటి కలిపాను: ఎదుటివాళ్ల దగ్గర పేరే లేని వస్తువుకు మాత్రం పక్క ఊరి పేరు అందించాలి.

సాయంత్రానికి మూడు ఊళ్ల మాటలూ నిలబడ్డాయి. భూపాలపల్లి మాటలు పదకొండు జనగామలో స్థిరపడ్డాయి కూడా. నేను గది మధ్యలో గంతులేశాను.

సోమవారం మేడం మూడుసార్లు నడిపించి చూశారు. "ఈ నియమం ఏ పుస్తకంల దొరికింది?"

అమ్మీ పని గురించి కాలేజీలో నేనెన్నడూ చెప్పలేదు. సిగ్గు కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని. సిగ్గే.

"పుస్తకంల కాదు మేడం. మా అమ్మీ గాజులమ్ముతది. ఆమె కాడ నేర్చుకున్న."

మేడం నా కాగితాల్లో చివరి పేజీ తిప్పారు. "అయితే ఆధారాల పట్టికల మొదట ఆమె పేరు రాయి. నీదే పంపుతున్న."

వెంటనే ఫోన్ చేశాను. "అమ్మీ, నీ పేరు హైదరాబాద్ పోతున్నది."

"నా పేరా? నేనేం తప్పు చేసిన?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సంగతంతా చెప్పాను.

"ఏ కార్డుల జూసినా నా పేరు తప్పే ఉన్నది," అంది అమ్మీ. "గిందులనన్న జర సక్కగ రాయి బేటీ."

లతీఫా బేగం, గాజుల వ్యాపారి, పాలకుర్తి. ఒక్కో అక్షరం ఆమెకు చదివి వినిపిస్తూ టైపు చేశాను.