విడాకుల కాగితాల తలంబ్రాలు

నేను ఒక ఇనుప నోటిని. ఉన్నవి రెండే పళ్ళు, కింద ఒక పొట్ట. కాగితం నోట్లో పెట్టి నెత్తిన ఒక్క నొక్కు నొక్కితే అంచున రెండు చిల్లులు పడతాయి, కొరికిన ముక్కలు పొట్టలోకి జారతాయి. మీ ఆఫీసుల్లో నన్ను పంచింగ్ మిషన్ అంటారు. నేను పుట్టింది జర్మనీలో. చిల్లు పడని కాగితాన్ని ఈ దేశంలో కాగితంగానే చూడరు. పుట్టిన బిడ్డ సర్టిఫికెట్టు నుంచి పోయిన మనిషి కరెంటు బిల్లు దాకా అన్నీ మా నోళ్ళలో నలిగి ఫైళ్ళలోకి ఎక్కాల్సిందే.

నా మొదటి యజమాని క్రూగర్. న్యూరెంబర్గ్‌లో జనానికి పన్నుల లెక్కలు రాసిపెట్టేవాడు. విడాకుల వాళ్ళు లాయరు బిల్లులూ కోర్టు రసీదులూ తెచ్చి ఆయన ముందు పోసేవారు. పెళ్ళి చేసుకోవడానికి పువ్వులు కావాలి, విప్పుకోవడానికి ఇన్ని కాగితాలేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం నవ్వుతూ చెప్పేవాడు: "పెళ్ళిని రద్దు చేసే హక్కు ఈ దేశంలో కోర్టుకే ఉంది. తప్పించుకోలేని ఖర్చు కనక చట్టం దీన్ని అసాధారణ భారం అంటుంది. కొంత మీరు మొయ్యండి, మిగిలింది ఆదాయంలోంచి తీసేస్తారు." నేను నేర్చుకున్న చట్టం అదే. అది రాతిమీద చెక్కి ఉందనుకున్నాను.

అలా వచ్చినవాళ్ళలో గుంటూరు నుంచి నర్సుగా వచ్చిన రూతమ్మ ఒకరు. ఆమె విడాకుల బిల్లులకు చిల్లులు పెట్టింది నేనే. కట్టిన పన్ను కొంత వెనక్కి వచ్చిన రోజు ఆమె క్రూగర్‌కి గోంగూర పచ్చడి తెచ్చిపెట్టింది. ఆయన దాన్ని జామ్ అనుకుని రొట్టెకు దట్టంగా పూసుకుని, ఆనక కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. ముసలితనంలో ఆఫీసు మూసేస్తూ ఆయన గుర్తుగా ఏదైనా తీసుకోమంటే రూతమ్మ నన్ను తీసుకుంది. కొన్నాళ్ళు ఆమె ఇంట్లో పనీపాటా లేకుండా కూర్చుని తుప్పుపట్టాను.

రూతమ్మ పై అంతస్తులో పాలకొల్లు పిల్ల హైమ ఉండేది. ఇంటర్ మధ్యలో ఆపేయించి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళే ఆమెను ఈ దేశానికి తెచ్చింది, ఇక్కడే తెగిపోయింది. మిగిలింది నాలుగేళ్ళ కూతురు మౌక్తిక, ఒక సంచీడు కాగితాలు. ఆ సంచీ చూసి రూతమ్మ నన్ను పైకి తెచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, దీనితో చిల్లులు పెట్టి వరసగా ఫైలు చెయ్యి. నా విడాకుల ఖర్చు పన్నులో తీసేశారు, నీకెందుకు తియ్యరూ? ధైర్యంగా పంపు."

హైమకి ధైర్యం తక్కువ, భయం ఎక్కువ. పొయ్యి ఆపానా, తలుపు వేశానా, పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉందా అని ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. దసరాకి కత్తెరకీ కుక్కరుకీ బొట్టు పెడుతూ నాకూ పెట్టింది. పుట్టి ఇన్నేళ్ళయినా నా నెత్తిన అందరూ గుద్దారు తప్ప బొట్టు పెట్టినవాళ్ళు లేరు. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషినైపోయాను.

వారమంతా ఆమె ఒక బడి వంటశాలలో పని చేసేది. శనివారాలు ఆఫీసులు తుడిచేది. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మౌక్తిక అమ్మ కొంగో చున్నీయో పట్టుకునేది.

"రేపు ఉంటావా అమ్మా?"

"వచ్చేవారం ఉంటానే బంగారం."

ఆ వచ్చేవారం ఎప్పుడూ రాలేదు. పన్ను వెనక్కి వస్తే శనివారం పని మానెయ్యాలన్నది హైమ ఆశ. అందుకే ఒక్కో బిల్లుకూ దణ్ణం పెట్టుకుని మరీ నా నోట్లో పెట్టింది. నేనూ క్రూగర్ మాట నమ్ముకుని శ్రద్ధగా కొరికాను.

పన్నుల ఆఫీసు కాదంది. విడాకుల ఖర్చు లెక్కలోకి రాదట. అభ్యంతరం ఉంటే నెలలోగా చెప్పుకోవచ్చట.

"అయ్ బాబోయ్, ఇప్పుడెలాగండీ ఆంటీ?"

"ఎట్టా ఏముంది, పోయి అడుగు! నాకిచ్చిందీ ఈ దేశమే కదా?"

ఏ కాగితానికి ఎక్కడ చిల్లు పెట్టమంటారోనని హైమ నన్ను కూడా సంచీలో వేసుకుంది. పిల్ల బిస్కెట్ల పక్కన కూర్చుని ఆ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. హైమ వచ్చీరాని జర్మన్‌లో చెప్పుకుంది. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"మీ ఆంటీకి వచ్చినప్పటి చట్టం వేరమ్మా. తరవాత మారింది. కోర్టు ఖర్చులు ఇప్పుడు తీసెయ్యరు. ఆ కేసు వెయ్యకపోతే బతుకుతెరువే పోతుందంటే తప్ప. విడాకులు అందులోకి రావని పెద్ద కోర్టు కూడా తేల్చేసింది. మీకు విడాకులు రాకపోతే తిండి లేకుండా పోయేదా?"

"తిండి కాదండీ, నిద్ర లేకుండా పోయేది."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిద్రని చట్టం లెక్కపెట్టదమ్మా."

సంచీలో నా పళ్ళు బిగుసుకుపోయాయి. నేను గర్వంగా మోసిన చట్టం నాకు తెలియకుండానే చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయింది.

ఆవిడ ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగింది. "ఇంట్లో ఉండే మరో పెద్దమనిషి అన్నచోట రూతమ్మ అని రాశారు. ఆవిడ మీతో ఉంటారా?"

"కింద అంతస్తులో ఉంటారండీ."

"కింద అంతస్తు మనిషి మీ ఇంటి మనిషి ఎలా అవుతుంది?"

హైమ తల దించుకుంది. "ఎవరూ లేరని రాస్తే ఏం బావుంటుందండీ. పెద్దదిక్కు లేని ఆడది అనుకోరూ? మా ఊళ్ళో అయితే అలా చెప్పుకోమండి."

పెద్దావిడ ఆ పేరు మీద వేలు పెట్టింది. "ఇంట్లో ఇంకో పెద్దమనిషి లేకుండా బిడ్డని పెంచేవాళ్ళకి ఈ దేశంలో పన్ను తగ్గిస్తారమ్మా. ఆ పేరు చూసే మీకది ఇవ్వలేదు. ఆ పేరు పొరపాటున రాశానని అభ్యంతరంలో రాయండి. ఇంకనుంచి నెలనెలా జీతంలో కూడా పన్ను తక్కువ పడుతుంది."

హైమ అక్కడే నిలబడి రాసింది. చిల్లులు నేనే పెట్టాను. అంత ఇష్టంగా ఎన్నడూ కొరకలేదు.

సాయంత్రం సంగతి విని రూతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే నన్ను ఇంట్లోంచి గెంటేసినట్టేగా?"

"కాగితంలోంచేనండీ ఆంటీ!"

"అయితే కూర ఏం వండావో పట్రా. కాగితంలో లేకపోయినా ఆకలేస్తది నాకు."

అభ్యంతరం ఒప్పుకుని పన్నుల ఆఫీసు వెనక్కి ఇచ్చింది అన్ని శనివారాలకూ చాలలేదు. శనివారం విడిచి శనివారం పని మానేసింది హైమ. తీరిక దొరికిన మొదటి శనివారం మౌక్తిక తన ఎలుగుబంటికీ చెక్క బాతుకీ పెళ్ళి పెట్టింది. మేనమామ పెళ్ళి వీడియోలో చూసిందంతా గుర్తుంది దానికి.

"అమ్మా, తలంబ్రాలేవీ?"

హైమ బియ్యం డబ్బా వైపు వెళ్ళబోయి ఆగింది. నన్ను తీసి కింద మూత విప్పింది. లాయరు బిల్లులూ కోర్టు తీర్పూ పన్నుల ఆఫీసు కాదన్న ఉత్తరమూ, అన్నీ తెల్లటి గుండ్రటి ముక్కలై పిల్ల దోసిట్లోకి జలజలా రాలాయి.

"ఓరి దేవుడా, వీటితో పెళ్ళేంటే!" అని రూతమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

హైమ కూడా నవ్వింది. పొయ్యి ఆపానా అని లేచి చూడనే లేదు. ముక్కలు బాతు నెత్తినా ఎలుగుబంటి నెత్తినా పడ్డాయి, కొన్ని హైమ జుట్టులో చిక్కుకున్నాయి. ఖాళీ పొట్టతో, నెత్తిన చెరగని బొట్టుతో నేను పెళ్ళిపెద్దలా పక్కనే కూర్చున్నాను.