బావ కత్తి, బావమరిది ఒర

దర్జీ దగ్గర కత్తెర ఉండటం వింతేమీ కాదు. ఈ దర్జీ దగ్గర కత్తెరతో పాటు కత్తి కూడా ఉండేది. కూరగాయలు తరిగేది కాదు, గుర్రం మీద కూర్చున్నవాడు ఝళిపించే పొడవాటి వంపు కత్తి. దుకాణంలో కొలతల టేపు వేలాడే మేకు పక్కన, ఇంకో రెండు మేకుల మీద అడ్డంగా పడుకుని తళతళలాడుతుండేది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూడగానే భయంతో పొట్ట లోపలికి పీల్చేసేవాళ్ళు. ఆ కొలతకి కుట్టిన ప్యాంటు ఇంటికెళ్ళి ఊపిరి వదలగానే పట్టేది కాదు. అలా ఆ కత్తి ఏ యుద్ధంలో ఎవరిని గాయపరిచిందో తెలీదు గానీ, దర్జీగారి పేరుని మాత్రం బాగానే గాయపరిచింది.

పాత ఇనుము కొట్లో, వంగిపోయిన కిటికీ ఊచల మధ్య దొరికింది అది. దర్జీ ఓపిగ్గా నూనె రాసి, తుడిచి, మళ్ళీ రాసి తుప్పు వదిలించాడు. పిడికి కాపుగా ఉన్న ఇనుప రేకు మీద ఏదో అశ్వదళం గుర్తు, దాని కింద ఒక అంకె బయటపడ్డాయి. ఒర మాత్రం లేదు. "గుండీల్లేని చొక్కాలా ఉంది" అని బాధపడేవాడు.

ఆ ఒర బావమరిదికి దొరికింది.

బావమరిది అంటే భార్య తమ్ముడు, పళ్ళ డాక్టరు. బావకి తగులుకున్న కత్తుల పిచ్చి అతనికీ అంటింది. ఒకసారి ఏదో పాత మేడలో సామాను వేలం వేస్తుంటే ఆస్పత్రికి కుర్చీ కొందామని వెళ్ళి, కుర్చీ మరిచిపోయి, రెండు కడియాలున్న ఇనుప ఒరతో తిరిగొచ్చాడు. ఒర మూతి దగ్గర అదే గుర్తు, అదే అంకె. ఎక్కడో ఏ గందరగోళంలోనో విడిపోయిన జంట, తిరిగి తిరిగి ఒకే కుటుంబంలో చెరో ఇంట్లో తేలింది.

ఇంకేముంది, కలిపేసి ఉంటారనుకుంటాం. కలపలేదు. కత్తులు నూరుకున్నారు.

"ఒర ఇటివ్వరా. కత్తి కోసమే కదా ఒర."

"అత్తారింటికి వచ్చేది ఎవరు బావా? ఒర ఇల్లు. కత్తే రావాలి."

"మీ అక్కని మా ఇంటికి పంపించినట్టే ఒరని కూడా పంపించెయ్."

"ఒకదాన్ని పంపించి ఇప్పటికే నష్టపోయాం."

"ఎవర్రా నష్టపోయింది?" అని వంటింట్లోంచి అక్క గొంతు. ఇద్దరు వీరులూ తక్షణం ఆయుధాలు దించేవాళ్ళు.

పిడి బావ చేతిలో ఉంది కాబట్టి అతనిది పిడివాదం. ఒర బావమరిది చేతిలో ఉంది కాబట్టి ఎంతన్నా ఓర్చుకునేవాడు. "ఒరేయ్" అని బావ పిలిస్తే, "ఒర ఇవ్వను" అని పలికేవాడు. తెగని ఆ తగువుకి చివరికి ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరిదో తేలేదాకా కత్తి ఒరలోకి వెళ్ళకూడదు. ఇద్దరిలో ముందు పోయినవాడి వాటా రెండోవాడికి. టీ తాగుతూ, పగలబడి నవ్వుతూ పెట్టుకున్న నియమం అది.

ఆదివారం ఆదివారం ఒరని దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని వచ్చేవాడు బావమరిది. బావ కళ్ళముందు విప్పేవాడు, తుడిచేవాడు, మళ్ళీ చుట్టి తీసుకెళ్ళేవాడు.

"ఏం బావా, దగ్గుతున్నావు? శుభవార్తేమైనా ఉందా?"

"నూరేళ్ళుంటాను. ముందు నిన్ను సాగనంపి, ఆ ఒర పట్టుకొచ్చుకుంటా."

"నువ్వు కుట్టే ప్యాంట్లు నూరేళ్ళుంటాయి బావా. ఎవడూ వేసుకోడు కదా!"

అలాంటి ఒక ఆదివారమే బావమరిది, ప్యాంట్లు వదులయ్యాయి, నడుం దగ్గర పట్టి కుట్టమంటూ తెచ్చాడు. దర్జీ టేపు చుట్టాడు. చుట్టినవాడు అంకె చూసి, మళ్ళీ చుట్టాడు.

"కత్తిని చూసి నువ్వూ పొట్ట పీల్చడం మొదలెట్టావా? వదులు."

"వదిలే ఉంచాను బావా."

టేపు అబద్ధమాడదు. దర్జీ ఆ అంకెని పుస్తకంలో రాసుకోలేదు. పళ్ళ డాక్టరు కూడా ఆ పూట పళ్ళు బయటపెట్టలేదు. పెద్దాస్పత్రి చెప్పాల్సిన సంగతి ఆ టేపు ముందే చెప్పేసింది. కాలేయంలో జబ్బు. వైద్యానికి అందనంత దూరం వెళ్ళిపోయింది.

బావమరిది ఇంట్లో ముందుగదిలో మంచం వేశారు. ఎదురుగా గోడకి ఒర. దర్జీ రోజూ వెళ్ళి కూర్చునేవాడు. వాతావరణం గురించి మాట్లాడేవాడు, రోడ్డు మీద గుంటల గురించి మాట్లాడేవాడు, గోడవైపు మాత్రం చూసేవాడు కాదు. అన్నేళ్ళుగా వేసిన జోకులన్నీ అక్కడ వేలాడుతున్నట్టుండేది.

చివరికి ఆ మాట రోగే ఎత్తాడు. "గెలిచావు బావా. ఒర నీదే అయ్యేట్టుంది."

"నోర్ముయ్. జన్మంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించావు, ఇప్పుడు నీది కాసేపు మూసుకో."

కోపంగానే లేచి వచ్చేశాడు. దారంతా ఒకటే ఆలోచన. ఆ ఒర తన చేతికి రావడమంటే ఏమిటో తెలిసి కూడా ఇన్నేళ్ళు దాన్నే కోరుకున్నాడు. దుకాణానికి వెళ్ళి కత్తి దింపాడు. కోటుకని దాచిన మంచి గుడ్డలో చుట్టాడు.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"మీ తమ్ముడికిచ్చేస్తాను. వాడుండగానే వాడు గెలవాలి."

ఆ కత్తిని ఇన్నేళ్ళూ తుక్కు అని తిట్టిన మనిషి, చుట్టిన గుడ్డ జారకుండా తనే దారం కట్టింది.

కత్తి ఇచ్చేటప్పుడు మొన తనవైపు, పిడి ఎదుటివాడివైపు ఉంచి ముంజేతి మీద పెట్టి ఇవ్వాలి. కత్తుల మీద మనసుపడినవాళ్ళ మర్యాద అది. దర్జీ అలాగే మంచం పక్కన వంగాడు.

"తీసుకో. నేను ఓడిపోయాను."

బావమరిది ఎత్తలేకపోయాడు. పిడి మీద చెయ్యి ఆనించి ఉంచాడంతే. "లోపల పెట్టు బావా. చూస్తాను."

పాత ఒరల లోపల పల్చటి చెక్క బద్దలుంటాయి. అవి విరిగి ఉండొచ్చు. అందుకే టార్చి వేసి లోపల చూడందే ఏ కత్తీ పెట్టకూడదు. కత్తుల పిచ్చి కొత్తగా పట్టుకున్నవాళ్ళందరికీ దర్జీ ఈ పాఠం వాళ్ళు ఆవలించేదాకా చెప్పేవాడు. గుడ్డని ఒకటికి రెండుసార్లు కొలవందే కత్తెర ముట్టని మనిషి. ఆ రోజు గోడ మీంచి ఒర దించాడు గానీ లోపల చూడలేదు. టార్చి దుకాణంలో ఉండిపోయింది. తెచ్చుకున్న కళ్ళకేమో నీళ్ళు అడ్డం.

కత్తి సర్రున దిగింది. చివర్లో టక్కుమంది. పిడి వచ్చి ఒర మూతికి ఆనింది. ఒకే గుర్తు పైన ఒకటి, కింద ఒకటి. ఒకే అంకె పైన ఒకటి, కింద ఒకటి.

బావమరిది చాలాసేపు చూశాడు. "ఎంత సరిగ్గా పట్టింది! నువ్వు కుట్టినవాటిలో ఒక్కటైనా ఇలా పట్టిందా?" అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా, "ఇంకోసారి బావా. తీసి పెట్టు. ఆ చప్పుడు బావుంది" అన్నాడు.

దర్జీ లాగాడు. రాలేదు. మోకాళ్ళ మధ్య ఇరికించి లాగాడు. డాక్టరు భార్య వచ్చి ఒర పట్టుకుంది. "అన్నయ్యగారూ, మెల్లిగా" అంటూ ఆవిడ అటు, ఈయన ఇటు. రాలేదు.

"లోపల చూశావా?" అన్నాడు బావమరిది.

దర్జీ తల వంచుకున్నాడు.

"చూడకుండా పెట్టావా? నువ్వా బావా!"

నవ్వొచ్చింది అతనికి. దగ్గొచ్చింది, దగ్గుని తోసుకుని మళ్ళీ నవ్వొచ్చింది. "బద్ద విరిగి అడ్డం పడుంటుంది. ఇన్నేళ్ళు ఎన్ని పీకానో లెక్కలేదు. ఇది నేను కూడా పీకలేను. జ్ఞానదంతం బావా ఇది, వదిలెయ్."

అదే అతని ఆఖరి నవ్వు అంటే కథకి బాగుండేది. కాదు. మర్నాడు కూడా అది తలుచుకుని నవ్వాడు. ఆ తర్వాత నవ్వలేదు. ఒక మధ్యాహ్నం దిండు మీద పక్కకి ఒరిగాడు, అంతే.

కొన్నాళ్ళకి డాక్టరు భార్య ఆ జంటని దుకాణానికి మోసుకొచ్చింది.

"ఇది మీకివ్వమన్నారు అన్నయ్యగారూ."

"నేను ఓడిపోయానమ్మా. కత్తితో సహా వాడిదే."

"మీరు అలా అంటారని కూడా చెప్పారు. ముందు పోయేది తనే గనక, నియమం నియమమేనట. పిడివాదం చెయ్యొద్దని చెప్పమన్నారు."

ఆవిడ ముందు ఏడవకూడదని దర్జీ సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. దారం ఎక్కలేదు.

తాళాలు బాగుచేసేవాడిని పిలిచి చూపించాడు. వాడు అటూ ఇటూ ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఒరని నిలువునా కోస్తే కత్తి వచ్చేస్తుందండీ. కొయ్యకపోతే లోపల నూనె అందక తుప్పు తినేస్తుంది. ఎక్కడ కొయ్యాలో గీత పెట్టి ఉంచండి, రంపం తెస్తాను."

తుప్పు సంగతి దర్జీకి ఒకరు చెప్పాలా? ఇప్పటికే మొదలై ఉంటుంది. గుడ్డ మీద గీసే సుద్ద తీశాడు. ఒర మూతి నుంచి కొస దాకా, వంపు వెంటే, వణక్కుండా గీత గీశాడు. గొప్ప గీత. అన్నేళ్ళ పనితనమంతా ఉంది అందులో. గీసి, దానివైపు చూస్తూ కూర్చున్నాడు.

రంపం వచ్చేసరికి గీత లేదు. దర్జీ బొటనవేలికి సుద్ద అంటుకుని ఉంది. "అక్కర్లేదులేవయ్యా" అన్నాడు.

పాత మేకుల మీదే పెట్టాడు రెంటినీ కలిపి. పైపైన తుడుస్తాడు. లోపల ఏమవుతోందో తెలుసు, తెలిసే వదిలేశాడు.

ఒరలో ఉన్న కత్తిని చూసి ఇప్పుడు ఎవరూ భయపడరు. పొట్ట పీల్చరు. తీరిగ్గా నిలబడి కొలతలిస్తారు. దుకాణం తెరిచిన ఇన్నేళ్ళకి ప్యాంట్లన్నీ సరిగ్గా పడుతున్నాయి. ఆ సంగతి ఆదివారం గొప్పలు చెప్పుకుందామంటే, నమ్మనని వెక్కిరించే మనిషి లేడు.