ఆ రోజు ఓడ ఎక్కడుంది?

ముప్పయ్యేళ్లు సముద్రం మీద తిరిగిన డిస్ట్రాయర్ యుద్ధనౌకకు వచ్చే వారం వీడ్కోలు. దాని సర్వీసు చరిత్ర రాసిపెట్టమని నౌకాదళం వాళ్లు ఆయన్ని అడిగారు. ఆ ఓడ మీద పదిహేడేళ్లు ఫిరంగులు చూసుకున్న మనిషి. వీధిలో అందరికీ ఫిరంగి మామయ్య. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది కనుక సాపు రాసే పని భార్య మీద పడింది.

భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని ఆవిడ రాస్తోంది. జలప్రవేశం, తొలి ప్రయాణం, మునిగిపోతున్న పడవవాళ్లను కాపాడడం. నాలుగో పేజీలో కలం ఆగింది.

“ఏమండీ, తేదీ తప్పు పడింది. జూన్ తొమ్మిది నుంచి ఇరవై మూడు దాకా మరమ్మతులకు ఒడ్డున ఉందని రాశారు.”

“తప్పేం లేదు. అడుగంతా గీకి రంగులు వేయించాం.”

“ఆ నెల పద్నాలుగునే కదా అమ్మాయి పుట్టింది! నడిసముద్రం, తుఫాను, ఇరవై అడుగుల అలలు అన్నారు!”

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు.

అప్పుడావిడ పుట్టింట్లో ఉంది. ఆస్పత్రి తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయనేనేమోనని తల తిప్పి చూసింది. ఆయన్ని రానివ్వలేదని ఇన్నేళ్లూ సముద్రాన్ని ఆడిపోసుకుంది. తీరా చూస్తే ఓడ, బస్సెక్కితే రెండు గంటల దూరంలో ఉంది.

“ఎందుకు రాలేదు?” ఆవిడ కలం పక్కన పెట్టింది.

“వచ్చాను.”

“ఎక్కడికి?”

“నీ గది గుమ్మం దాకా. నువ్వొక్క కేక పెట్టావు. కళ్లు తెరిచేసరికి నర్సు నా మొహాన నీళ్లు కొడుతోంది. నుదుటికి మూడు కుట్లు. ‘ఫిరంగులు పేల్చేవాడివి, ఇదేం చోద్యం నాయనా’ అంది. కిటికీ అద్దంలోంచి పాపను చూసుకుని, ఎవరికీ చెప్పొద్దని ఆమెను బతిమాలి, సిగ్గుతో అట్నుంచటే పోయాను.”

“ఆ మచ్చ! ఓడ మెట్ల మీద పడ్డానన్నారు!”

“పడ్డాను కదా. చోటొక్కటే మార్చాను.”

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “అంత దాచినవాళ్లు ఇక్కడ సముద్రంలో ఉందని రాసేస్తే నాకేం తెలిసేది?”

“ఓడ చరిత్ర కదే! అబద్ధమెలా రాస్తాను?”

ఆవిడ చెయ్యి చాచి ఆ మచ్చను తడిమింది. గుమ్మం దాకా వచ్చారు.

“అమ్మాయికి మాత్రం చెప్పకు,” అన్నారాయన బతిమాలుతూ.

“చెప్పను. తుఫానే చెబుదాం.” కొంగుతో కళ్లొత్తుకుని కలం తీసుకుంది. “ఈసారి అలలు ముప్పై అడుగులు చేద్దామా?”