కొసరు పాట

రాజోలు బస్టాండుకు ఎదురుగా జోజి పెట్టిన రికార్డింగు సెంటరులో కొసరు ఇచ్చేవారు. కూరగాయల కొట్లో కొసరంటే నాలుగు పచ్చిమిరపకాయలు. జోజి కొట్లో కొసరంటే పాట. కోరిన పాటలన్నీ ఖాళీ క్యాసెట్టు మీదికి ఎక్కించాక చివర కాస్త టేపు మిగులుతుంది. మిగతా కొట్లవాళ్లు దాన్ని అలాగే వదిలేసేవారు. జోజి మాత్రం వచ్చిన మనిషిని ఓసారి చూసి, వాళ్లు అడగని పాట ఒకటి అక్కడ వేసేవాడు. ఆ పాట కోసమే అమలాపురం నుంచి కూడా జనం వచ్చేవారు.

జోజి పోయాక కొట్టు అతని భార్య సువర్ణ చూసుకుంటోంది. పాటలు ఎక్కించడం ఆమెకు వచ్చు. కొసరు మాత్రం రాలేదు. ఎవరికి ఏది ఎందుకు వేస్తున్నాడో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె వేసిన కొసరు పాటలు విని జనం మర్యాదకు "బాగుందండీ" అనేవారు. మళ్లీ వచ్చేవారు కాదు.

ఆ సంగతి జోజి తమ్ముడు దానం కనిపెట్టాడు. అతను కువైట్ నుంచి వచ్చేస్తూ సీడీ మిషను ఒకటి తెచ్చాడు. అప్పటికి రాజోల్లో అలాంటిది లేదు. అద్దంలా మెరిసే చిన్న పళ్లెం లోపల పెడితే పచ్చటి అంకెలు వెలుగుతాయి. పాట ఎంతసేపో ముందే చెబుతాయి.

"రికార్డు మీంచి ఎక్కిస్తే ముల్లు గీసుకుని గీసుకుని నూరో క్యాసెట్టు గురక పెడద్ది వదినా," అన్నాడు. "దీన్లోంచి తీస్తే నూరోదీ మొదటిదీ ఒకటే. అంకెలు చూసి పాటలు సరిపెట్టేస్తే టేపు మిగల్దు. కొసరు గొడవే లేదు. ఎవరు కూర్చున్నా కొట్టు నడిచిపోద్ది."

"ఎవరు కూర్చున్నా అంటే?"

"మీరు ఇంటిదగ్గర ఉండండంటున్నాను. క్రిస్మస్ దాకా చూడండి. అప్పటికీ జనం రాకపోతే కొట్టు నాకొదిలెయ్యండి."

అతని మాటలో చెడ్డేం లేదు. ఆమె "ఆయ్" అంది.

కార్తీకంలో కొత్తపేట దగ్గర కేశవరావుగారి అమ్మాయి పెళ్లికి క్యాసెట్లు చేసే పని వచ్చింది. కొబ్బరితోటలున్న పెద్ద కుటుంబం. వాళ్ల బంధువుల పెళ్లిళ్లన్నిటికీ పాటలు జోజి కొట్టునుంచే వెళ్లేవి. ఆఖరి క్యాసెట్టు చివర టేపు మిగిలితే, చేతికందినదాంట్లోంచి మాటలు లేని క్లారినెట్టు పాట ఒకటి సువర్ణ వేసింది. ఏడాదిగా అది ఆమె చెవిలోనే ఉంది. వేస్తున్నప్పుడు ఏమిటని ఆలోచించలేదు.

పెళ్లయిన మర్నాడు బ్యాండు మేస్త్రి వరప్రసాదం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏవమ్మా సువర్ణా, పెళ్లిలో మా పని పట్టేసేవు."

"నేనేం చేశాను బాబాయిగారూ?"

"అప్పగింతలవుతున్నాయి. మేం ఓ పక్కన టీ తాగుతున్నాం. మైకులో సమాధులతోట పాట మొదలైంది. మన జోజిని సాగనంపినప్పుడు నేను వాయించిందే. మావాళ్లు గ్లాసులు కింద పెట్టేసి, టోపీలు తీసేసి, లేచి నిలబడిపోయేరు. పెళ్లివారేమో పిల్లకి మర్యాద చేస్తున్నామనుకుని తలో అరటిపండూ ఇచ్చేరు."

సువర్ణ నవ్వలేదు. అన్న సమాధికి రాలేకపోయిన దానం కోసం ఆ రోజు బ్యాండును టేపు చేశారు. ఒక క్యాసెట్టు కువైట్ పంపారు. ఇంకొకటి కొట్లోనే ఉండిపోయింది.

పక్కనే ఉన్న దానం ముఖం మాడిపోయింది. "పెళ్లిలో చావు పాటా? తెలిస్తే ఆ కుటుంబంలో ఒక్కరూ మన గుమ్మం తొక్కరు. క్రిస్మస్ దాకా ఎందుకు వదినా ఇంక?"

"ఒప్పుకున్న పనులు పూర్తి చేసి ఇచ్చేస్తాను," అంది సువర్ణ.

ఆ పనులు పూర్తి కాకుండానే కేశవరావుగారి భార్య పద్మావతి కొట్టు ముందు కారు దిగింది. దానం స్టూలు తుడిచి వేశాడు.

"ఆఖర్న ఏదో వచ్చిందే, సన్నాయిలాగ. అదేం పాటమ్మా?" అని అడిగింది. "మా ఆయన కంటతడి పెట్టే మనిషి కాదు. అది మొదలయ్యాక పిల్ల చెయ్యి వదల్లేదు. నాకు అదొక్కటే రెండు వైపులా వేసిపెట్టు."

"కొత్త సినిమాదండీ, ఇంకా రాలేదు," అన్నాడు దానం చప్పున.

"కాదండీ," అంది సువర్ణ. "మా క్రైస్తవుల్లో పోయిన మనిషిని సమాధులతోటకు తీసుకెళ్లేటప్పుడు వాయిస్తారండీ. మా ఆయనకు వాయించింది. చూసుకోకుండా వేసేశాను. తప్పయిపోయింది."

పద్మావతి కారు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మా అత్తగారి చెవిన పడకూడదు," అంది.

"ఆయ్."

"పిల్ల ఆ క్యాసెట్టు పట్టుకెళ్లిపోయింది. రోజూ వేసుకుంటోందంట."

"తెప్పించండి. చెరిపేసి ఇంకోటి వేసిస్తాను."

"అక్కర్లేదు. దాని క్యాసెట్టు దానిష్టం. నా సంగతి చూడు. ఏదైతేనేం, నాకా పాట కావాలి."

దానం వెనకనుంచి కళ్లతో సైగ చేస్తున్నాడు. సరేనంటే ఆ కుటుంబం చేజారదు.

"అది ఇంకెవరికీ ఇవ్వనండీ," అంది సువర్ణ. "అది ఆయనది. మీకు వేరేది వేస్తాను. నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యండి."

పద్మావతికి కాదనిపించుకోవడం అలవాటు లేదు. "ఏం వేస్తావేంటి?"

సువర్ణ ఆమెను చూసింది. పద్మావతి మెడలో గొలుసును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. పిల్ల వెళ్లిన ఇల్లు ఎలాంటిదో ఒక్క మాటా అనలేదు.

"తొందరపడి చెప్పలేనండీ. రెండ్రోజులాగి రండి."

"చూద్దాంలే," అని పద్మావతి కారెక్కింది.

"రాదు వదినా," అన్నాడు దానం.

"రాకపోతే ఏం చేస్తాం."

అతను మిషను మీద దుమ్ము చేత్తో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. "కువైట్ పంపిన క్యాసెట్టు నేనింతవరకూ వినలేదు," అన్నాడు. "పెట్లోనే ఉంది."

సువర్ణ స్టూలు అతని వైపు జరిపింది.

"మిషను ఇక్కడే ఉంచేస్తాను," అన్నాడతను. "కొట్లో కూర్చునేది మీరే. ఈ పళ్లేల్లో పాతవి కొన్ని ఉన్నాయి. ఆవిడగారికి పనికొస్తాయేమో వింటారా?"

"పెట్టు."

మొదటి పాటను ఆమె సగంలోనే ఆపించింది. రెండోదీ అంతే. మూడోది చివరిదాకా వింది.

"ఇది కాదు," అంది. "దీనికి దగ్గరదే. ఇంకోటి పెట్టు."