గురువారం బండి

గురువారం సాయంత్రం అయిదింటికి పోలీసు బండి రేవు మార్కెట్ ముందు ఆగింది. అందరూ చూశారు. తర్వాత మేం చూడలేదని చెప్పినవాళ్లు కూడా చూశారు.

సముద్రం గోడ దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో ముగ్గుర్ని జబ్బలు పట్టి రోడ్డు మధ్యకి ఈడ్చుకొచ్చారు. సంచులు లాక్కుని దులిపారు. దువ్వెన, తువ్వాలు, సగం తిన్న రొట్టె, కొన్ని కండోమ్ పాకెట్లు.

"ఇవేంటే?" కార్పొరల్ సాకియుసా పాకెట్లని బూటుతో తోశాడు. "వీటితో చర్చికి పోతున్నావా?"

"నర్సమ్మ ఇచ్చింది సార్, రోగాలు రాకుండా," అంది తారుసీలా. ముగ్గురిలోనూ పెద్దది ఆమే.

"నీకు రోగమొస్తే ఎవడి కొంప మునిగిందే?"

ముగ్గురినీ మార్కెట్ పక్క మురిక్కాలవలోకి దింపాడు. చేపలు కడిగిన నీళ్లు, కుళ్లిన బొప్పాయి తొక్కలు, వట్టి చేతులతో ఎత్తిపోయమన్నాడు. జనం మూగారు. కొందరు నవ్వారు. ఒకడు ఫోను తీసి పట్టుకున్నాడు. అరగంట అయ్యాక ముగ్గురినీ అదే తడిబట్టలతో బండెక్కించి తీసుకుపోయారు.

వసీతి తన దాలో దుంపల గుట్ట వెనక కూర్చుని మొదటి నుంచీ చివరిదాకా చూసింది. చూసి, బాగా అయింది అనుకుంది. ఆవిడ్ని మంచిదాన్ని చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు, నిజంగా అలాగే అనుకుంది.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. నది ఎగువ ఊళ్ల నుంచి గురువారం బస్సు దిగి, శనివారం దాకా మార్కెట్ వరండాలోనే చాపలు పరుచుకునే నలభై మంది ఆడవాళ్లలో ఆవిడ ఒకతె. గోడ దగ్గర వీళ్లు నిలబడడం మొదలైన దగ్గర్నుంచీ మార్కెట్‌కొచ్చే మగాళ్ల చూపులు మారాయి. పోయిన నెల ఓ ఓడ మనిషి ఆవిడ ముందు వంగి, "వస్తావా?" అన్నాడు. ఆవిడ యాభై ఆరేళ్ల మనిషి, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఆ మాట గుర్తొస్తే ఆవిడకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే మార్కెట్ ఆడవాళ్లు మూడు వారాల కిందట పోలీసు పోస్టుకి వెళ్లారు. వట్టి చేతులతో వెళ్లలేదు. నూరి నీళ్లలో కలిపి మత్తుకి తాగే ఎండిన యంగోనా వేళ్ల కట్ట పట్టుకెళ్లారు. వసీతే మోకాళ్ల మీద కూర్చుని దాన్ని కార్పొరల్ ముందు పెట్టి, మా రోడ్డు శుభ్రం చేసి పెట్టండని అడిగింది. కార్పొరల్ కట్టని ముట్టుకుని, అరచేతులు దొప్పల్లా చేసి మూడు చప్పట్లు చరిచాడు. ఆ చప్పట్లు పడ్డాక ఇక్కడ మాట ముడిపడిపోయినట్టే. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోలేరు. పుచ్చుకున్నవాణ్ని పని ఎలా చేశావని అడగనూ లేరు. శుభ్రం అంటే ఏమిటో, ఎవర్నో ఆ రోజు ఎవరూ విడమరిచి చెప్పలేదు. అధికారం చేతికి యంగోనా అందిస్తే అది ఏ గొంతుకలో పోసుకుంటుందో మనవాళ్లకి ఎప్పుడు తెలుస్తుందో.

మరుసటి గురువారం లోపలి కుళాయికి తాళం పడ్డాక, వసీతి అన్న కూతురు మేరెసేయిని నీళ్ల డబ్బా పట్టుకుని బస్టాండు కుళాయికి వెళ్లింది. ఇరవై రెండేళ్ల పిల్ల, అత్తతో పాటు కమలాలు అమ్ముకోడానికి వచ్చింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. అవతల పోలీసు బండి కదలడం మాత్రం పక్క బల్ల మీద మిరపకాయలమ్మే రామ్‌రతి చూసింది.

వసీతి పోస్టుకి పరిగెత్తింది. గుమ్మంలో కానిస్టేబులు పళ్లు కుట్టుకుంటున్నాడు. "ఇక్కడెవరూ లేరు. ఎవడితోనో పోయుంటుంది. గోడ దగ్గర చూడు," అన్నాడు. ఆ మాట అబద్ధమని ఆవిడకి అనిపించలేదు. నిజమేనేమో అనిపించింది. ఆ అనుమానంతోనే గోడ దగ్గరకి వెళ్లి వెతికింది కూడా.

మేరెసేయిని మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది. చేతిలో డబ్బా లేదు. చాప మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమడిగినా ఒకటే మాట, "వెనక గదిలో కూర్చోబెట్టారత్తా. ఆ బెంచీ ఊగుతుంది."

"ఎందుకు పట్టుకున్నారు?"

"సంచీలో పాకెట్లున్నాయని."

వసీతి దగ్గరకి జరిగింది. "అవి నీ సంచీలోకి ఎలా వచ్చాయే?"

మేరెసేయిని మొదటిసారి తలతిప్పి అత్త కళ్లలోకి చూసింది. "నర్సమ్మ అందరికీ పంచింది కదత్తా. నీకూ ఇచ్చింది. ఊరికే ఇస్తున్నారని నువ్వు రెండు గుప్పిళ్లు తీసుకుని గంప అడుగున దాచావు. నేను నిన్నడిగానా?"

వసీతికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అనుమానం చావలేదు. దానికి తిండి పెట్టేవాళ్లు చుట్టూ ఉన్నారు. మధ్యాహ్నానికల్లా వరండాలో చాపలు దూరం జరిగాయి. ఎవరి కూతురు ఎప్పుడు కుళాయికి వెళ్లింది, ఎంతసేపటికి వచ్చింది, నడుముకి చుట్టిన కొత్త సులూ ఎవరు కొనిచ్చారు, ఇదే లెక్క. నలభై మంది ఆడవాళ్లు ఒకరినొకరు కాపలా కాసుకోవడం మొదలుపెట్టారు. కార్పొరల్‌కి ఇంక బండి తీయాల్సిన పనే లేకపోయింది.

వసీతి తిన్నగా గోడ దగ్గరకి వెళ్లింది. వారమైనా వదలని కాలవ కంపు పోవడానికి తారుసీలా నిమ్మకాయతో చేతులు రుద్దుకుంటోంది.

"మా పిల్లకి ఈ పని మప్పింది నువ్వే కదూ? నిజం చెప్పు."

"మీ పిల్ల పేరేంటో కూడా నాకు తెలీదు పెద్దమ్మా."

"మరి దాన్నెందుకు పట్టుకుంటారు?"

"నన్నెందుకు పట్టుకుంటున్నారో అందుకే." తారుసీలా నిమ్మచెక్క పారేసింది. "వెనక గదిలో పెట్టారా? పచ్చ గోడ, కిటికీకి అట్టముక్క. బెంచీకి ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. సాకియుసా లోపలికొచ్చి మొదట టోపీ తీసి మేకుకి తగిలిస్తాడు."

వసీతి గోడ పట్టుకుంది. ఆ బెంచీ సంగతి మేరెసేయిని తనతో తప్ప ఎవరితోనూ అనలేదు.

"నీకెలా తెలుసు?"

"మేం ప్రతి నెలా కూర్చుంటాం పెద్దమ్మా ఆ బెంచీ మీద. మాతో సరిపెట్టుకున్నన్నాళ్లూ మీకు తెలీలేదు. రోడ్డు శుభ్రం చెయ్యమని మీరు యంగోనా ఇచ్చారు. ఇప్పుడు వాడికి ఏ ఆడదాన్నయినా పట్టుకునే హక్కొచ్చింది." ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ వినిపించింది. "ఏడేళ్లు చొక్కాల కాలర్లు కుట్టాను నేను. ఓ సోమవారం వెళ్లేసరికి గేటుకి తాళం. మిషన్లు ఓడెక్కి పోయాయి. మూడొందల మందిమి. నేల ఉన్నవాళ్లు నీలాగా మార్కెట్‌కొచ్చారు. లేనివాళ్లం ఇక్కడికొచ్చాం. ఆ రోజు ఫ్యాక్టరీ వాడి సంచీ ఎవడన్నా దులిపాడా?"

వసీతి ఇదంతా నమ్మిందని చెప్పలేను. కానీ తారుసీలాని చెయ్యి పట్టుకుని మార్కెట్‌లోకి తీసుకొచ్చింది.

ఆ శుక్రవారం అయిదింటికి బల్లలు మూసేశాక యంగోనా గిన్నె చుట్టూ మీటింగు జరిగింది. మార్కెట్ ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద, గోడ దగ్గరివాళ్లు తొమ్మిది మంది ఇంకోవైపు నేల మీద కూర్చున్నారు. మొదట గంటసేపు తిట్లే.

"వీళ్ల మూలానే కదా మన పరువు పోయింది! వీళ్లనెందుకు పిలిచావు వసీతీ?"

"మీ మగాళ్లని అడగండమ్మా మా దగ్గరకెందుకొస్తారో!"

"మా మగాళ్ల జోలికొస్తే పళ్లు రాలగొడతా!"

రామ్‌రతి లేచి మిరపకాయల తట్ట మీద దబదబా కొట్టింది. "నోళ్లు ముయ్యండే! నేను పదిహేనేళ్లుగా ఇదే బల్ల మీదున్నా. ఓడలొచ్చిన రోజు మన సరుకు చీకటి పడకుండా ఎందుకమ్ముడుపోతుందో మీకు తెలీదూ? వీళ్లు కొంటున్నారు కాబట్టి. నా దగ్గర మిరపకాయలు కొని, వసీతి దగ్గర దుంపలు కొని, పిల్లలకి వండి పెట్టి అప్పుడు వెళ్తారు గోడ దగ్గరకి. ఆ సొమ్ము మనకి పనికొస్తుంది, మనుషులు మాత్రం పనికిరారు. అంతేనా?"

"అయితే వాళ్లూ మనమూ ఒకటంటావా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

దానికి తారుసీలా జవాబు చెప్పింది. "ఒకటని నేననలేదు. మీకు దుంపలున్నాయి, మాకు లేవు. ఆ బండికి మాత్రం తేడా తెలీడం లేదు."

మేరెసేయిని లేచి నిలబడింది. "సోమవారం మేజిస్ట్రేటు దగ్గరకి వెళ్తాను. జరిగింది రాయిస్తాను. నాతో ఎవరొస్తారు?"

"ఆ గది గురించి నేను సాక్ష్యం చెబుతా," అంది తారుసీలా. తర్వాత రామ్‌రతి, ఆ తర్వాత ఇంకొందరు చేతులెత్తారు. వసీతి ఎత్తిన ప్రతి చేతినీ చూసింది, ఎత్తని వాటిని ఇంకా జాగ్రత్తగా చూసింది.

ఆమె అనుమానం ఊరికే పోలేదు. మీటింగు సంగతి కార్పొరల్‌కి ఆ శుక్రవారమే చేరింది. ఎవరు మోశారో ఇప్పటికీ తెలీదు. ఆదివారం చర్చి అయ్యాక, వసీతి అన్న ఎపేలీ ఇంటికి సాకియుసా వంశం వాళ్లు ఆరుగురు ఇస్త్రీ సులూలు కట్టుకుని వచ్చారు. వాళ్ల పెద్దమనిషి చేతుల్లో తంబువా, తాడు కట్టిన తిమింగలం పన్ను, నూనె పట్టి మెరుస్తోంది. తప్పు చేసినవాళ్లు అది తెచ్చి ముందు పెడితే తప్పు కప్పేసినట్టు. ఆ తర్వాత కోర్టు మాట ఎత్తకూడదు. ఎత్తితే ఊళ్లో తలెత్తుకోలేరు.

కబురందిన ఆడవాళ్లు ముందే వచ్చి ఇల్లంతా నిండి కూర్చున్నారు. గోడ దగ్గరివాళ్లు కూడా వచ్చారు, తలలు కప్పుకుని. ఎపేలీకి ఊపిరాడలేదు.

"అన్నయ్యా, పుచ్చుకోకు," అంది వసీతి చెవిలో.

"తంబువాని వెనక్కి పంపినవాడు మన వంశంలో లేడే. నా వల్ల కాదు."

"నీ కూతురు ఎదురుగా ఉంది. దాన్ని చూసి ఆ మాట అను."

ఎపేలీ చూడలేదు. వచ్చిన పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని తీయగా మాట్లాడాడు. కుర్రతనం అన్నాడు. రెండు వంశాల పాత చుట్టరికం గుర్తుచేశాడు. పిల్ల పేరు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎపేలీ రెండు చేతులతో పన్ను అందుకున్నాడు.

ఇప్పుడు ఇంటివాళ్లంతా చప్పట్లు చరచాలి, అప్పుడే పుచ్చుకున్నట్టు. పెద్దమనిషి తల వంచుకుని ఆ చప్పుడు కోసం చూశాడు. మేరెసేయిని తన రెండు చేతులూ సులూ కింద దాచుకుంది. వసీతి చేతులు కట్టుకుంది. రామ్‌రతికి ఈ ఆచారంతో పనిలేదు, అయినా చేతుల మీద కూర్చుంది. తారుసీలా, గోడ దగ్గరివాళ్లు, వరండా వాళ్లు, వాకిట్లో నిలబడ్డవాళ్లు, ఒక్క చెయ్యి కదల్లేదు. ఎపేలీ ఒక్కడే చరిచాడు. ఒకటి, రెండు. మూడోది మధ్యలో ఆగిపోయింది. ఆయన చేతులు చూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత పన్నుని తెచ్చినవాళ్ల ముందు నేలమీద పెట్టాడు.

"తీసుకెళ్లండి," అన్నాడు. "మా ఇంట్లో చప్పట్లు లేవు."

సోమవారం మేరెసేయిని మేజిస్ట్రేటు ముందు అంతా రాయించింది. తారుసీలా గది గురించి చెప్పింది. బెంచీ చూసి రమ్మని మేజిస్ట్రేటు మనిషిని పంపేసరికి వెనక గదిలో బెంచీయే లేదు. గోడకి కొత్తగా తెల్లరంగు. మేరెసేయిని మాటకి సాక్ష్యమంటూ మిగిలింది తారుసీలా మాటొక్కటే.

కాబట్టి గురువారం బండి వస్తుందని అందరికీ తెలుసు. అయిదింటికి వచ్చింది. సాకియుసా దిగి తిన్నగా తారుసీలా దగ్గరకి నడిచాడు.

"సంచీ దులుపు."

పాకెట్లు కింద పడ్డాయి. సాకియుసా నవ్వాడు. "సాక్ష్యం చెప్పే నోరు ఇదేనా? ఎక్కు బండి."

వసీతి తన గంప ఎత్తుకుని రోడ్డు దాటింది. వాడి బూట్ల ముందు గంప బోర్లించింది. దాలో దుంపలు దొర్లాయి. వాటి మీద రెండు గుప్పిళ్ల పాకెట్లు రాలాయి.

"నా దగ్గరా ఉన్నాయి నాయనా. నన్నూ ఎక్కించుకో."

"పెద్దావిడవి, నీకెందుకివన్నీ? పక్కకి తప్పుకో."

"నాకెందుకో అది నీకనవసరం. పాకెట్లున్నవాళ్లనేగా పట్టుకుంటున్నావు. పట్టుకో."

రామ్‌రతి తట్ట బోర్లించింది. మిరపకాయల్లో పాకెట్లు. కమలాల్లో పాకెట్లు, కసావా మూటల్లో పాకెట్లు. ఆ వారం వీళ్లంతా వెళ్లి నర్సమ్మ దగ్గర పెట్టె ఖాళీ చేశారు. నలభై మంది రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డారు.

"వీళ్లలో రోడ్డు మీదవాళ్లు ఎవరో చెప్పండి!" సాకియుసా అరిచాడు.

"అందరం రోడ్డు మీదే ఉన్నాంగా, కనబడ్డం లేదా?" అంది మేరెసేయిని.

ఎవరూ తొయ్యకుండానే ఆడవాళ్లు బండెక్కడం మొదలుపెట్టారు. తారుసీలా, వసీతి, మేరెసేయిని, రామ్‌రతి. పన్నెండు మంది ఎక్కేసరికి బండి టైర్లు కుంగాయి. కానిస్టేబుళ్లకి నిలబడే చోటు లేదు. దించుదామంటే ఒక్కతీ దిగలేదు. చివరికి సాకియుసా పళ్లు కొరుక్కుంటూ బండి పోనిమ్మన్నాడు.

బండి కదిలింది. వెనక మిగిలినవాళ్లు రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చున్నారు. అరచేతులు దొప్పల్లా చేసుకున్నారు. ఆదివారం ఎపేలీ ఇంట్లో దాచుకున్న చప్పట్లు ఇప్పుడు మోగాయి. ఒకటి, రెండు, మూడు.

బండిలోంచి తారుసీలా తిరిగి చరిచింది. ఆమె పక్కన వసీతి కూడా.