వంకర నాది కాదు
నేను ఒక క్యూ కర్రను. బిలియర్డ్స్ బల్ల మీద బంతుల్ని పొడిచే పొడవాటి కర్ర ఉంటుందే, అదే నేను. నా ముందు వంకర అన్న మాట ఎత్తకండి, నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెబుతాను, తీరుబడిగా కూర్చుని వినండి.

నన్ను చేసిన వడ్రంగి మహా పట్టుదల మనిషి. దుంగను మూడేళ్లు నీడలో ఆరబెట్టాడు. చిత్రిక పట్టిన ప్రతిసారీ నా మొదలును చెంపకు ఆనించి, ఒక కన్ను మూసి, కొస దాకా గురి చూసేవాడు. చూస్తూనే నెమ్మదిగా తిప్పేవాడు. వెంట్రుకవాసి తేడా కనిపించినా మళ్లీ చిత్రికే. అంత పరీక్ష నెగ్గి కాకినాడలో ఒక క్లబ్బుకు వచ్చాను.

మొదట నన్ను పట్టింది ఒక కళ్ల డాక్టరు గారు. ఊరందరి చూపూ సరిచేసే ఆయనకు బల్ల మీద ఎర్ర బంతి మాత్రం ఆనేది కాదు. తరవాత ఒక ప్లీడరు గారు. ఓడిన ప్రతి సాయంత్రం నా మీద కేసు వేసి, తనే వాదించి, తనే తీర్పు చెప్పేవారు. గెలిస్తే తమ ప్రతాపం, ఓడితే కర్ర లోపం, మనుషులతో వచ్చిన చిక్కే ఇది.

నన్ను నిజంగా ఎరిగినవాడు దానియేలు ఒక్కడే. ఆ గదికి మార్కరు. బల్ల తుడవడం, పాయింట్లు చెప్పడం, కర్రలు అందించడం అతని పని. ముప్ఫై ఒక్క ఏళ్లలో బల్లమీది పచ్చగుడ్డ మీద, కర్ర కొసకు రాసే సుద్ద పొడిని ఎవరినీ రాల్చనిచ్చేవాడు కాదు.

క్లబ్బు సెక్రటరీ మంగపతి గారికి రైసుమిల్లు ఉంది, మీసం ఉంది, ఆట లేదు. ఆ బల్ల వాళ్ల నాన్నగారు వేయించింది కాబట్టి రాజమండ్రి వాళ్లతో పోటీకి ఎప్పుడూ ఆయనే దిగేవారు. ఒక ఏడాది తన సొంత కర్ర పక్కన పెట్టి, దానియేలు అందించిన నాతో ఆడారు. ఒక్క ఎర్ర బంతి మూల సంచిలో పడితే గెలుపు. పడలేదు. బెత్తెడు దూరంలో పోయింది. ఆయన నన్ను పైకెత్తి నలుగురికీ చూపించారు.

"ఈ కర్ర చూశారూ, కొడవలి నయం" అని బల్లకు అడ్డంగా పడేసి దొర్లించారు.

దొర్లాను. మధ్యలో ఒకచోట కుంటాను. కుంటిన మాట నిజమే, దాచను. ఎందుకు కుంటానో అడిగిన నాథుడు లేడు. అందరూ అయ్యో అన్నారు.

మర్నాడు సభ్యులందరి ముందూ మంగపతి గారు ఒక కాగితం బల్ల మీద పెట్టారు. వంకర కర్ర అందించి క్లబ్బు పరువు తీసింది నేనే, క్షమించండి, అని దానియేలు పేరున రాసి ఉంది. "సంతకం పెట్టు, నోటీసు బోర్డు మీద పెడతాను. లేదంటే రేపట్నించి రావక్కర్లేదు. ఈ కర్రకి చీపురు కట్టి బూజు దులిపించు" అన్నారు.

నాకు బూజుకర్ర ఉద్యోగం, సంతకం పెట్టకపోతే అతనికి అసలు ఉద్యోగమే లేదు. నాకు గుండె అంటూ ఉంటే ఆగిపోయేదే.

"పెడతానండి. ముందు ఒక్క నిమిషం ఇది చూసి, తప్పెవరిదో చెప్పండి, అయ్యగారూ" అన్నాడు దానియేలు.

నన్ను బల్లకు అడ్డంగా పెట్టి మెల్లగా దొర్లించాడు. కుంటిన చోట నీలం సుద్దతో గుడ్డ మీద గీత గీశాడు. అవును, గుడ్డ మీదే. నన్ను సగం తిప్పి మళ్లీ దొర్లించాడు. ఆ గీత దగ్గరే కుంటాను. అవతలి చివరి నుంచి దొర్లించాడు. అక్కడే. అప్పుడు మంగపతి గారి సొంత కర్ర, వెండి పట్టీ వేసింది, తీసి దొర్లించాడు. ఆ దొరగారూ అదే గీత మీద ఎగిరి పడ్డారు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

"వంకర కర్రలో ఉంటే కర్రతోపాటు తిరగాలి కదండీ. ఇది బల్లలోనే కూర్చుందండి" అన్నాడు దానియేలు. "గుడ్డ కింద రాతిపలకల అతుకు లేచిందండి. ఒక కాలు కుంగింది."

"అది మా నాన్నగారు వేయించిన బల్ల" అన్నారు మంగపతి గారు.

"ఆయన తప్పు కాదండి. నాదీ కాదు. కర్రది అసలే కాదు. సంతకం పెట్టనండి."

మంగపతి గారు చేతికర్ర తీసుకుని వెళ్లిపోయారు. కాగితం బల్ల మీదే ఉండిపోయింది. దానియేలు దాన్ని ఎనిమిది మడతలు పెట్టాడు. ఇద్దరు సభ్యుల్ని బల్ల అంచు కాస్త ఎత్తమని, కుంగిన కాలి కింద దూర్చాడు. నన్ను మళ్లీ దొర్లించాడు. గీత దాటి సాఫీగా వెళ్లిపోయాను.

మర్నాడు సాయంత్రం అతను ఎప్పటిలాగే వచ్చి గది తలుపు తీశాడు. రావద్దని ఎవరూ అనలేదు. తడిగుడ్డతో ముందు నన్ను తుడిచాడు, ఆ తరవాతే సుద్దగీత తుడిచాడు.

ఇప్పుడు దానియేలు లేడు, మంగపతి గారూ లేరు. నేను గోడకు బిగించిన కర్రల స్టాండులో మొదటి అరలో ఉన్నాను. వార్నిషు పోయింది, కొస అరిగింది, నిటారుతనం మాత్రం అలాగే ఉంది. అనుమానముంటే రండి, చెంపకు ఆనించి, ఒక కన్ను మూసి చూడండి. దొర్లించే తీరాలంటే ముందు వంగి బల్ల కాలి కింద చూడండి. కాగితం ఇంకా అక్కడే ఉంది, సంతకం లేకుండా.