రచయితగారి నవ్వు

...ఆ వాక్యంలో 'పాపం' అన్న మాట తీసేస్తే నవ్వు ఇంకా పదునెక్కుతుందేమో అనుకుంటూ ఆమె భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతోంది. వారపత్రికలో 'మా ఆవిడ' శీర్షిక ఏళ్ల తరబడి రాస్తున్నది ఆమే, భర్త పేరుతో. ఆడవాళ్లు రాస్తే హాస్యంలా ఉండదు, సాధింపులా ఉంటుందని ఎడిటరు మొదట్లోనే తేల్చేశాడు. "నా పేరైతేనేం, నీ పేరైతేనేం, ఒకే ఇల్లు కదా," అన్నాడు భర్త. కూర మాడ్చే, లెక్క తప్పే, అద్దంలో తన్ను చూసుకుని పక్కింటావిడ అనుకునే ఆ తెలివితక్కువ మనిషిని ఆమె తనలోంచే తీసి ఇచ్చింది. "మా వాడు నిన్ను ఉన్నదున్నట్టు దింపేశాడే," అని అత్తగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వేది. ఇంటికొచ్చినవాళ్లు "మీ ఆవిడతో ఎలా వేగుతున్నారు సార్," అని పగలబడి నవ్వుతుంటే, కాఫీలు అందిస్తూ తనూ నవ్వేది. ఆ నవ్వు తన వాక్యం పండినందుకా, తను పలచనైనందుకా అన్నది ఎప్పుడూ తేలలేదు. ఎదుటివాళ్లకంటే ముందే తన్ను చూసి తను నవ్వేస్తే దెబ్బ తగలదని చిన్నప్పుడెప్పుడో నేర్చుకుంది. తగులుతూనే ఉంది. చప్పుడు వినపడేది కాదు, అంతే.

ఇప్పుడవన్నీ పుస్తకంగా వస్తున్నాయి. దీనిమీదైనా నా పేరు వేయించండి అని నిన్న నోరు తెరిచి అడిగింది. భర్త పేపరు దించకుండానే అన్నాడు: "నువ్వని తెలిస్తే జనం నవ్వరే. జాలిపడతారు."

వెనక అట్టమీద వేసే ఫొటో కోసం ఎడిటరు పంపిన ఫొటోగ్రాఫరు హాల్లో కుర్చీ సర్దాడు. భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

"హాస్యం రాసేవారు కదా, కాస్త నవ్వండి సార్."

భర్త పళ్లు చూపించాడు.

"అలా కాదు సార్. పన్ను పీకించుకుంటున్నట్టుంది."

ఇంకోసారి ప్రయత్నించాడు. కుదరలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె వైపు తిరిగాడు. "ఏదైనా చెప్పవే, నవ్వొచ్చేది."

అలవాటు కొద్దీ ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మంచిదే. దాన్ని మింగేసింది.

"మీరు లేవండి," అంది.

భర్త ఫక్కున నవ్వాడు. "ఇదీ నవ్వంటే. కదలకండి సార్," అంటూ ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. ఆమె నవ్వలేదు. వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. నిలబడే ఉంది. అతని నవ్వు మెల్లగా సడలింది. ఏమీ అర్థంకాని మొహంతో సగం లేచాడు, తర్వాత పూర్తిగా.

"రాసేది నేను, బాబూ," అని ఫొటోగ్రాఫరుతో చెప్పి, ఆమె కూర్చుంది.